సన్‌మైకా చెప్పిన నిజం

వడ్రంగం మానేసిన మామయ్యకు, డిజైన్ చదువుతున్న మేనకోడలు ‘కార్ల్‌టన్’ పుస్తకాల అలమర ఫొటో చూపించింది. మాట అక్కడ మొదలైంది.

మామయ్య: ఇదేం అలమర తల్లీ? నిలువు పలకలు కొన్ని ఏటవాలుగా ఉన్నాయే! పుస్తకాలు ఒరిగిపోవూ?

మేనకోడలు: ఒరుగుతాయి. 1981లో ఎత్తోరె సొట్సాస్ గీసింది. ఆ సెప్టెంబరులో మిలాన్‌లో మెంఫిస్ అనే డిజైనర్ల బృందం తొలి ప్రదర్శనలో పెట్టారు.

మామయ్య: ఆయనకు తిన్నగా గీయడం రాదా?

మేనకోడలు: రాకేం! 1969లో పెర్రీ కింగ్‌తో కలిసి ఒలివెట్టి కంపెనీకి వాలెంటైన్ టైప్‌రైటర్ చేసింది ఆయనే. వస్తువు రూపాన్ని దాని పని ఒక్కటే నిర్ణయించాలా అన్నదే మెంఫిస్ వాళ్ల ప్రశ్న. నువ్వు మాత్రం గుమ్మానికి చిలకలెందుకు చెక్కావు?

మామయ్య: నా చిలకలు తలుపుకి అడ్డు రాలేదు. ఇక్కడ సొగసు పనికి అడ్డొస్తోంది.

మేనకోడలు: ఒప్పుకున్నా. కానీ పని అంటే ఏమిటి? అదే ప్రదర్శనలో మార్టీన్ బెడాఁ చేసిన ‘సూపర్’ దీపం ఉంది. సగం చక్రం మీద బోడి బల్బులు, కింద చక్రాలు. కుక్కపిల్లలా వెంట లాక్కెళ్లొచ్చు. దీపానికి ఆ పని ఉంటుందని ముందెవరనుకున్నారు?

మామయ్య: ఊఁ, అది బాగుంది. ఇంతకీ అలమర ఏ కలప?

మేనకోడలు: పైకి కనిపించేది కలప కాదు మామయ్యా, లామినేట్. మన సన్‌మైకా లాంటిది.

మామయ్య: సన్‌మైకానా! టేకు గీతలున్న షీటు ఎన్ని బల్లలకు అతికించానో. ‘టేకేనా?’ అని అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

మేనకోడలు: నీ షీటు టేకు వేషం వేసింది. సొట్సాస్ ఆ వేషం తీసేశాడు. 1978లోనే అబెట్ లామినాటి కంపెనీకి ‘బాక్టీరియో’ అనే నలుపు మెలికల షీటు గీశాడు. ఏ చెట్టులోనూ కనబడని గీతలవి.

మామయ్య: నిజం చెప్పాడు, సరే. చవక సరుకేగా, అందరూ కొనుక్కున్నారా?

మేనకోడలు: లేదు, వీటి ధర ఎక్కువ. కార్ల్ లాగర్‌ఫెల్డ్ అనే ఫ్యాషన్ దొర తన మోంటె కార్లో ఇల్లు వీటితో నింపుకున్నాడు.

మామయ్య: అంటే షీటు నిజం చెప్పింది, ధర దాన్ని దొరల ఇళ్లకే పంపింది.

మేనకోడలు: ఆ తప్పు తప్పే. మరి తీర్పేమిటి?

మామయ్య: ఈ అలమరను నేనైతే ఇంట్లో పెట్టుకోను. కానీ మన ముందుగదిలో బల్ల చూసి ఎవరైనా ‘టేకేనా?’ అంటే, ఇక సన్‌మైకా అనే చెప్తాను.