గుర్రాలు నీళ్లు తాగాకే రథం



"జ్వరం తగ్గి మూడు రోజులైందండీ, రన్నింగ్ మొదలెట్టొచ్చా?" రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పొద్దున్నే పరిగెత్తేవాళ్ల మధ్య వానాకాలంలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. యాప్‌లో స్ట్రీక్ తెగిపోయింది, తోటివాళ్లు ముందుకెళ్లిపోతున్నారు. మనసు ఆగదు.

మహాభారతాన్ని నన్నయగారు తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ రాజమహేంద్రవరంలోనే. ఆ భారతంలో, ద్రోణపర్వంలో, మన ప్రశ్నకి జవాబు ఉంది.

యుద్ధం 14వ రోజు. సూర్యాస్తమయంలోపు సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతాను అని అర్జునుడి శపథం. పొద్దు వాలుతోంది, సైంధవుడు ఇంకా దూరంలో ఉన్నాడు. గుర్రాల ఒళ్లంతా బాణాలు, పైగా దాహం. అంతకంటే పెద్ద డెడ్‌లైన్ మనలో ఎవరికైనా ఉందా? అయినా రథం ఆపారు. చుట్టూ శత్రువులు ఉండగానే అర్జునుడు నేల మీదికి దిగి కాపలా కాశాడు, బాణంతో నేలని చీల్చి నీళ్లు రప్పించాడు. కృష్ణస్వామి తన చేతులతో బాణాలు లాగి, ఒళ్లు నిమిరి, గుర్రాలకి నీళ్లు పట్టాడు. అవి స్నానం చేసి, మేత మేసి, అలసట తీరాకే మళ్లీ కట్టాడు.

గమనించండి, రథం ఎప్పుడు కదలాలో చెప్పింది సూర్యుడు కాదు, శపథమూ కాదు. గుర్రాలు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమంటుంది, ఇంద్రియాలని గుర్రాలంటుంది, బుద్ధిని సారథి అంటుంది. కాబట్టి క్యాలెండర్‌ని కాదు, శరీరాన్ని అడగండి. మాత్ర వేసుకోకుండా కనీసం ఒక రోజంతా జ్వరం లేదా? ఆకలి, నిద్ర కుదురుకున్నాయా? పొద్దున్న లేవగానే నాడి మామూలుగా కొట్టుకుంటోందా? మెట్లెక్కితే ఆయాసం రావట్లేదా? డెంగీ అయితే ఇంకా జాగ్రత్త. అందులో అసలు ప్రమాదం జ్వరం దిగే సమయంలోనే మొదలవ్వచ్చు, డాక్టరుగారు సరేననాలి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే పరుగు మాట మర్చిపోయి ఆసుపత్రికి వెళ్లండి.

అన్నీ బావుంటే మొదట నడక. మర్నాడు కూడా ఒళ్లు తేలిగ్గా ఉంటే, నడక మధ్యలో కాస్త పరుగు. వేసవిలో కట్టేసిన కాలువలకి ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేటప్పుడు కొద్దికొద్దిగానే పెంచుతారు కదా. ఒక్కసారి వదిలితే గట్టుకి గండి పడుతుంది.

శరీరాన్ని హింసించే తపస్సుని భగవద్గీత 17వ అధ్యాయంలో స్వామి ఆసురమన్నాడు. పట్టుదల మంచిదే, కానీ పగ్గాలు బుద్ధి చేతిలో ఉండాలి.

ఆ రోజు రథం ఆగింది. సైంధవుడు ఆ రోజే కూలాడు.

కృష్ణార్పణం.