తేలికైన ఫొటో బరువు ఎవరిది?

హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు. పెళ్లివాళ్లు ముందు చూసేది వాటి ఫొటోలనే. అందుకని వెబ్‌సైటు పెట్టినవాళ్లు స్టేజీ అలంకరణ నుంచి భోజనాల హాలు దాకా కెమెరాలో దిగినవన్నీ ఎక్కించేస్తారు. పేజీ తెరుచుకోదు. ఎవరో ఒకరు ఫొటోలను కుదించే ఇమేజ్ ఆప్టిమైజేషన్ ప్లగిన్ వేసుకోమంటారు. వేసుకోగానే డ్యాష్‌బోర్డు మీద ఇన్ని ఎంబీలు ఆదా అంటూ ఒక అంకె మెరుస్తుంది. జమ ఒక్కటే రాసి ఖర్చు రాయని చిట్టా పుస్తకం అది.

ఖర్చు సర్వర్ మీద పడుతుంది. 4000 × 3000 పిక్సెళ్ల ఫొటో డిస్కు మీద నాలుగు ఎంబీలే ఉండొచ్చు. దాన్ని కుదించాలంటే ముందు పూర్తిగా విప్పాలి. కోటి ఇరవై లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు బైట్లు, వెరసి 48 ఎంబీల దాకా మెమరీ. సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ అయితే, ఏ ప్లగిన్ లేకపోయినా అది పెద్ద ఫొటోకు 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల కొలతల్లో నకళ్లు తీస్తుంది. 2019 నవంబర్‌లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 2560 పిక్సెళ్ల నకలు కూడా తోడైంది. థీమ్ తన కొలతలు కలుపుతుంది. ఆపైన ప్లగిన్ వచ్చి ప్రతి నకలుకూ వెబ్‌పీ ఫార్మాట్‌లో ఒక జత, కోరితే ఏవిఫ్ ఫార్మాట్‌లో ఇంకో జత, అసలు ఫొటోకు బ్యాకప్. ఒక్క ఫొటోకు ఇరవై ఫైళ్లు చేరడం వింతేమీ కాదు. ఏవిఫ్ సైజును బాగా తగ్గిస్తుంది కానీ, తయారీలో సీపీయూను జేపెగ్ కంటే చాలా ఎక్కువ శ్రమపెడుతుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద ఎన్నో సైట్లు కాపురముంటాయి. ఒకరు పాత ఫొటోలన్నిటినీ ఒక్కసారిగా బల్క్ ఆప్టిమైజ్‌కు పెడితే పక్కవాడి పేజీ నత్తనడక పడుతుంది. అందుకే హోస్టింగ్ కంపెనీలు క్లౌడ్‌లినక్స్ వంటి సాఫ్ట్‌వేర్ పెట్టి ఖాతాకింత సీపీయూ, ఇంత మెమరీ అని హద్దు గీస్తాయి. దాటితే సైటు మందగిస్తుంది, ఒక్కోసారి 508 ఎర్రర్ వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో వాయిదా వేసిన పనులను మామూలుగా లేపేది కూడా సైటుకు వచ్చినవాడే. హాలు అద్దె ఎంతో చూద్దామని పేజీ తెరిచిన మనిషి, తనకు తెలియకుండానే వంద ఫొటోల పనికి శ్రీకారం చుడతాడు.

మరి ఆ పని ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? ఇలాంటి లెక్కలు వేసిన జైనులు ఈ నేల మీద వెయ్యేళ్ల కిందటే ఉన్నారు. మొయినాబాద్ మండలం ఎనికేపల్లి చెరువు తూముకు బిగించి ఉన్న రెండు జైన శిలలను 2021లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వెలుగులోకి తెచ్చారు. ఒకటి గ్రానైటు, ఇంకొకటి నల్ల బసాల్టు. నాలుగు వైపులా ధ్యానంలో కూర్చున్న ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు. 9, 10 శతాబ్దాల నాటి ఒక బసది (జైన ఆలయం) నుంచి వచ్చిన రాళ్లవి. పక్కనున్న చిలుకూరు ఆ రోజుల్లో పేరున్న జైన కేంద్రం.

ఆ సంప్రదాయానికి ఆధారగ్రంథమైన ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం కర్మ లెక్కను చాలా గట్టిగా వేసింది. సంకల్పం, సన్నాహం, ఆరంభం మూడు. మనసు, మాట, శరీరం మూడు. తాను చేసినది (కృతం), ఇంకొకరితో చేయించినది (కారితం), చేస్తుంటే ఒప్పుకున్నది (అనుమోదితం) మూడు. క్రోధం, మానం, మాయ, లోభం నాలుగు. గుణిస్తే 108. (చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక తీరినవాళ్లు చేసే ప్రదక్షిణలూ 108. రెంటికీ చుట్టరికం కలపనక్కర్లేదు కానీ, హుండీ లేని ఆ గుడిలో మొక్కు సొంత కాళ్లతోనే తీరుతుంది.)

ఈ లెక్కలో ప్లగిన్లు చక్కగా ఇముడుతాయి. ఈడబ్ల్యూడబ్ల్యూ ఇమేజ్ ఆప్టిమైజర్ సొంత సర్వర్ మీదే జేపెగ్‌ట్రాన్, పీఎన్‌జీక్వాంట్ వంటి పనిముట్లను నడపగలదు. అది కృతం. షార్ట్‌పిక్సెల్, ఇమాజిఫై ఫొటోలను తమ సర్వర్లకు పట్టుకెళ్లి కుదించి తిరిగి ఇస్తాయి. అది కారితం. సొంత సీపీయూ గ్రాఫ్ నున్నగా కనిపిస్తుంది. పని మాత్రం ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక కరెంటు మీటరు మీద జరిగే తీరుతుంది. చేవెళ్ల నియోజకవర్గంలోని షాబాద్ మండలం చందన్‌వెల్లిలోనే అమెజాన్ డేటా సెంటర్ ఉంది. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. ఇక అనుమోదితం వాటా గూగుల్‌ది. 2021 నుంచి సెర్చ్ ర్యాంకుల్లో అది చూస్తున్న కోర్ వెబ్ వైటల్స్, పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలో కనపడిందా అని అడుగుతాయి. ఆ బొమ్మను సన్నబరచడానికి ఎన్ని సీపీయూ సెకన్లు పట్టాయో అడగవు.

పనిని బయటికి పంపితే బాధ్యత పోతుందా అన్న ప్రశ్నకు ఇక్కడి ప్రభుత్వ కాగితాల్లో ఇంకో జవాబుంది. 1996 మార్చి 8 నాటి జీవో 111, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ కట్టడాలను వద్దంది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. దిగువన నీళ్లు తాగేవాడి కష్టానికి ఎగువన ఉన్నవాడు జవాబుదారీ అన్నదే దాని లోపలి మాట. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలాయి, అది వేరే రగడ.

అలాగని కుదింపే పాపం అనడం పొరపాటు. రెండు ఎంబీల ఫొటో రెండు వందల కేబీలకు దిగి వెయ్యిమంది చూస్తే 1.8 జీబీల డేటా మిగులుతుంది. కుదించడానికి పట్టింది ఒకసారి కొన్ని సెకన్లు. లాభమే. చిక్కల్లా గ్యాలరీలో నాలుగు వందలవ ఫొటో దగ్గర, ఎవరూ తెరవని దానికీ ఇరవై నకళ్లు సిద్ధం చేసి దాచడం దగ్గర. వర్డ్‌ప్రెస్ బృందమే 2022లో వెబ్‌పీ నకళ్లను అందరికీ అప్రమేయంగా ఇవ్వాలనుకుని, అభ్యంతరాలు రావడంతో 6.1 వెర్షన్‌లోంచి దాన్ని తీసేసింది.

జైన ముని అన్నీ వదిలేస్తాడు. గృహస్థుకు జైనం చెప్పింది పరిగ్రహ పరిమాణం, అంటే ఎంత ఉంచుకోవాలో ముందే హద్దు పెట్టుకోవడం. రిసార్టు యజమానికి అది పెద్ద తపస్సేమీ కాదు. నాలుగు వందల ఫొటోల్లో నలభై ఎంచుకోవడం, ఎక్కించే ముందే సొంత కంప్యూటర్లో సైజు తగ్గించడం, థీమ్ వాడని కొలతలు ఆపేయడం, బల్క్ పనిని రద్దీ లేని వేళకు పెట్టడం. వీటిలో మొదటిదానికి ఏ ప్లగిన్‌లోనూ బటన్ లేదు. ఆ నలభై ఏవో, పెళ్లి ఫొటోలు తీసినవాడూ, హాలు యజమానీ కూర్చుని తేల్చుకోవాలి. యజమానికి ఒక్క షాండ్లియర్ కూడా తీసెయ్యబుద్ధి కాదు.