తూరు పట్టణపు పనివాడు

ధ్యానభాగము: 1 రాజులు 7:13–47



సొలొమోను మందిరమనగానే మన మనస్సునకు తోచునవి బంగారము, దేవదారు మ్రానులు, రాజుగారి వైభవము. అయితే ఆ మందిరపు ఇత్తడి పని యంతయు చేసినవాడు సరిహద్దునకు ఆవలివాడు. పొరుగు రాజ్యమైన తూరునుండి రాజు అతనిని పిలువనంపెను. అతని పేరు హీరాము. తూరు రాజు పేరును హీరామే గనుక ఇద్దరిని ఒకనిగా ఎంచకూడదు. ఈ పనివాని తండ్రి తూరు పట్టణస్థుడు, ఇత్తడి పనివాడు. తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు. తండ్రి గతించినను తండ్రి నేర్పిన పని అతని చేతిలో నిలిచెను. ఆ పనియే అతనిని తల్లి పుట్టిన దేశమునకు తోడుకొని వచ్చెను.

అతడు చేసిన దేమి? పదునెనిమిది మూరల ఎత్తుగల రెండు స్తంభములు పోతపోసి, వాటిపై అయిదేసి మూరల పీటలు నిలిపెను. పండ్రెండు ఎడ్లమీద నిలిచిన, పది మూరల వెడల్పుగల పోత సముద్రమును చేసెను. పది స్తంభపీఠములు, పది తొట్లు, కుండలు, గరిటెలు కూడ చేసెను. పోత పని యెరూషలేములో జరుగలేదు. యొర్దాను మైదానమందు సుక్కోతునకును సారెతానునకును నడుమ జిగటమన్ను ఉన్నచోట జరిగెను. పని మంచిదగుటకు ముందు మన్ను మంచిదై యుండవలెనని మన మేస్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింతము. గుడారపు పని చేసిన బెసలేలునుగూర్చి నిర్గమకాండము 31వ అధ్యాయములో జ్ఞానము, వివేకము, పనితనము అను వరములు చెప్పబడినవి. ఆ వరములే ఈ తూరువాని గూర్చియు లేఖనము చెప్పుచున్నది. బెసలేలు యూదా గోత్రికుడు. ఇతడు అన్యదేశస్థుని కుమారుడు. దేవుడు పనితనమును పంచునప్పుడు గోత్రము అడుగలేదు, ఎల్లను చూడలేదు.

మన పల్నాటిలోనే దీనికి పోలిక యున్నది. మాచెర్లకు సమీపమున కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యుండెను. ఇప్పుడు ఆ లోయ నాగార్జునసాగరపు నీటిలో మునిగియున్నది. సుమారు 1,700 ఏండ్ల క్రిందట బోధిసిరి అను ఉపాసిక, సింహళ దేశపు బౌద్ధ భిక్షువుల కొరకు అచ్చట కట్టడములు కట్టించెను. ఆమె వేయించిన శాసనపు చివర పని జరిపించిన ముగ్గురి పేర్లును, రాతిపని చేసిన విధికుడను వాని పేరును చెక్కబడినవి. సముద్రము ఆవలివారి కొరకు కట్టిన రాతిపనివాని పేరు మన నేలలో నేటికిని నిలిచియున్నది. మతము వేరైనను, కూలివాని పేరు మరువకుండుట మంచిదని ఒప్పుకొనుటకు మనకు సంకోచమేల?

మన సంఘముల చరిత్రలోనికి వత్తము. నిజాము రాజ్యములోనుండిన మెదకులో వెస్లియను మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు మహాదేవాలయము కట్టించిరి. దాని పటము గీసినది ఇంగ్లండులోని బోల్టను అను నూలు మిల్లుల ఊరిలోని బ్రాడ్‌షా, గాస్, హోప్ అను శిల్పుల సంస్థ. ఆ కాలముననే ఆ సంస్థవారు మాంచెస్టరులో పత్తి వర్తకుల రాయల్ ఎక్స్చేంజి భవనమును పెంచి కట్టుచుండిరి. అది 1921లో తెరువబడెను. మన చేలలో పండు పత్తి వంటి పత్తికి బేరమాడు స్థలము అది. ఒక ప్రక్క ధనవంతుల అంగడి, మరి యొక ప్రక్క కరవు పీడించిన మెతుకుసీమలో ఒక ప్రార్థనా మందిరము. రెండును ఒకే గదిలోని బల్లలనుండి బయలుదేరెను.

పటము సముద్రము దాటి వచ్చెను గాని, రాళ్లు మోసినది మెదకు చుట్టుపట్ల పల్లెల బీదలు. కరవు రోజులలో ఆ పని వారికి అన్నమాయెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు కలిగి, 175 అడుగుల గోపురముతో నేటికిని నిలిచియున్నది. గోపురముకంటె ఆ అన్నపు ముద్దయే గొప్ప సాక్ష్యమని మేము తలంచుచున్నాము.

ఏలయనగా సొలొమోను కట్టడమునకు మరి యొక ప్రక్క యున్నది. అతడు ఇశ్రాయేలీయులలో ముప్పదివేలమందిని వెట్టికి పట్టి, నెలకు పదివేలమంది చొప్పున వంతులు వేసి లెబానోనుకు పంపెను. బరువులు మోయువారు డెబ్బదివేలు, కొండలలో రాళ్లు కొట్టువారు ఎనుబదివేలు. మందిరము వెలిగెను గాని కాడి బరువాయెను. అతడు మరణించగానే జనులు రెహబామునొద్దకు వచ్చి అడిగినది బంగారము కాదు, ఆ కాడిని తేలిక చేయుమనియే. అతడు వినలేదు. వెట్టిపనివారిమీద అధికారియైన అదోరామును వారు రాళ్లతో కొట్టి చంపిరి. రాజ్యము రెండుగా చీలెను. హీరాము స్తంభములను తుదకు కల్దీయులు తునకలు చేసి బబులోనునకు కొనిపోయిరి. పనివాని నేర్పు మందిరమును అలంకరింపగలదు. పనివాని కన్నీరు రాజ్యమునే చీల్చగలదు.

ప్రియులారా, నేడు నరసరావుపేట, గురజాల ప్రాంతముల పల్లెలలో పాత పెంకుటిల్లు గుడి తీసి స్లాబు మందిరము కట్టుకొను సంఘములున్నవి. సంతోషమే. అయితే సారువమీద నిలిచి ఇటుక అందుకొనువాడు ఎవడు? ఒకవేళ ఒడిశానుండియో బీహారునుండియో వచ్చి, మన భాష రాక చేసైగలతో మంచినీళ్లు అడుగువాడు. అదే దినమున మన తెలుగు బిడ్డ కువైటులోనో దుబాయిలోనో పరుల మేడకు ఇనుప చువ్వలు కట్టుచుండును. అచ్చట మన బిడ్డకు సమయమునకు జీతము రావలెనని తల్లి మోకాళ్లూని ప్రార్థించుచున్నది. ఇచ్చట మన గుడి కట్టు పరవాని తల్లియు ఆలాగే ఎదురుచూచుచుండదా?

కాబట్టి కట్టడపు కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతిష్ఠ పండుగకు పందిళ్లు వేయకమునుపు మేస్త్రీ లెక్క తీర్చుడి. కూలివాని కూలి తెల్లవారువరకు ఉంచుకొనకూడదని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపించుచున్నది. బిగపట్టిన కూలి మొరపెట్టుననియు, ఆ మొర సైన్యముల ప్రభువు చెవిని పడుననియు యాకోబు 5:4 హెచ్చరించుచున్నది. మీ గుడి గంటకంటె ముందుగా ఆ మొర పరలోకమునకు చేరకుండ చూచుకొనుడి. శిలాఫలకముమీద దాతల పేర్లు చెక్కించునప్పుడు క్రింద ఒక వరుస విడిచి, మేస్త్రీ పేరును చెక్కించుడి. అతడు ఏ మతస్థుడైనను, ఏ రాష్ట్రమువాడైనను సరే. పరిశుద్ధ గ్రంథము హీరాము పేరు దాచలేదు గదా.

మన ప్రభువు పసివాడై యుండగనే తల్లిదండ్రుల చేతులమీద ఎల్ల దాటి ఐగుప్తులో పరదేశిగా నుండెను. పెరిగి నజరేతులో వడ్లవాడనిపించుకొనెను. కాయలు కాచిన చేయి ఎట్టిదో ఆయన యెరుగును. ఈ నెలలో మీ ఊరి కట్టడమునొద్ద పనిచేయు పరదేశిని పేరు అడిగి తెలిసికొని, ఆ పేరు పెట్టి కుటుంబ ప్రార్థనలో ప్రార్థించుడి. అట్టి సంఘముల మధ్య ప్రభువు నివసించును గాక. ఆమేన్.