కడపటి విస్తరి

తన శరీరమును, తన మనస్సును తాను కాపాడుకొనుట ధర్మమా, స్వార్థమా? ఈ ప్రశ్న వినుటకు తేలికగా నుండును. ధర్మమే యని యందఱును వెంటనే యుత్తరము చెప్పుదురు. కాని మన యిండ్లలోని నడవడిని పరికించినచో ఆ యుత్తరము పురుషులకు ఒక విధముగను, స్త్రీలకు మఱియొక విధముగను వర్తించుచున్నట్లు కనబడును. ఇంటి యజమాని ప్రొద్దుట షికారు పోయివచ్చినచో ఆరోగ్యవిధి యందురు. ఇల్లాలు అదే పని చేసినచో పొయ్యిమీది పాలు ఎవరు చూతురని యడుగుదురు. ఆయన మధ్యాహ్నము నడుము వాల్చినచో విశ్రాంతి, ఆమె వాల్చినచో సోమరితనము. ఈ భేదమును గూర్చియే మేమిచ్చట కొంత విచారింపదలచితిమి.

మన కుటుంబములలో ఇల్లాలు అందఱికంటె ముందు లేచి, అందఱికంటె వెనుక భుజించుట చాలకాలముగా వచ్చుచున్న యాచారము. పిల్లలకు పెట్టి, భర్తకు పెట్టి, అత్తమామలకు పెట్టి, వచ్చిన చుట్టమునకు మారు వడ్డించి, పిమ్మట ఆమె గిన్నెల మూతలు తీసి చూచును. కూర యడుగంటియుండును. పప్పు పలుచనై యుండును. పెరుగు తీరిపోయి మజ్జిగ మిగిలియుండును. ఆ మిగిలినదానితో రెండు ముద్దలు తిని లేచును. ప్రతిదినమును ఇది చూచుచున్న బిడ్డలు అమ్మకు మాడుచెక్కయే ప్రీతి యని నిజముగా నమ్ముదురు. ఆమెయు కాదనదు. కొన్నియేండ్లు గడచునప్పటికి తనకేది ప్రీతియో ఆమెకే జ్ఞప్తి యుండదు. నేడు విస్తళ్లకు బదులు పళ్లెములు వచ్చినవి. ఇల్లాండ్రు ఉద్యోగములకును పోవుచున్నారు. అయినను కడపటి పళ్లెము మాత్రము పెక్కిండ్లలో ఆమెదిగానే నిలిచియున్నది.

దేశములోని స్త్రీల స్థితిని అంకెలే చెప్పుచున్నవి. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మంది, తెలంగాణమున 57.6 మంది. దేశమంతటను చూడగా ఆ వయస్సు స్త్రీలలో నూటికి 57 మంది, పురుషులలో నూటికి 25 మంది. ఇది యంతయు కడపటి విస్తరి వలననే కలిగినదని మేము చెప్పము. నెలనెల రక్తము పోవుట, కాన్పులు, కడుపులోని పురుగులు, పేదఱికము, ఇవి యన్నియు కారణములే. కాని దేహమునకు అధికముగా పోషణము కావలసిన మనిషికే తక్కువ వడ్డించు నాచారము ఈ కారణములకు తోడై కీడును పెంచుననుటలో సందేహము లేదు.

రక్తహీనత గలవారికి కొలది పనికే యలసట వచ్చును. మెట్లెక్కినచో ఆయాసము కలుగును. మనస్సు ఒకచోట నిలువదు. చిన్నమాటకే చిరాకు పుట్టును. అట్టి యామెను చూచి ఇంటివారు ముక్కోపి యందురు, ఏడుపుముఖమందురు, మంచి తలంపులు అలవఱచుకొనుమని హితవు చెప్పుదురు. శరీరములోని కొఱతను స్వభావములోని దోషముగా ఎంచుట కంటె అన్యాయమేమున్నది?

ఈ సందర్భమున ఒక చరిత్ర స్మరింపదగినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 తరువాత బొంబాయిలో గర్భిణులకు వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. వారిలో బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలు పలువురుండిరి. ఈస్టు సారమును ఆహారముతో నిచ్చినచో ఆ వ్యాధి కుదురుచున్నదని ఆమె 1931లో ప్రకటించెను. అందలి మూలద్రవ్యమే పిమ్మట ఫోలిక్ ఆమ్లమని తెలియవచ్చినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు పెద్ద మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బొంబాయిలోని యా స్త్రీలకు కావలసినది ధైర్యవచనము కాదు, ఆహారములోని యొక పదార్థము. అది లభించినంతనే వారు కోలుకొనిరి.

దేహమునకును మనస్సునకును గల యీ సంబంధమును మన పూర్వు లెఱుగకపోలేదు. వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానమునందలి రెండవ యధ్యాయము దినచర్య. వేకువనే లేచుట, పండ్లు తోముకొనుట, తైలాభ్యంగనము, తన బలములో సగమే వినియోగించు వ్యాయామము, స్నానము మొదలగునవి అందు చెప్పబడినవి. మితముగా మాటలాడుట, రోగులను దీనులను ఆదుకొనుట, చీమను పురుగును సైతము తనవలె చూచుట యను విధులును ఆ యధ్యాయముననే కలవు. వైద్యగ్రంథములోనికి చీమ యేల వచ్చెనని చదువరు లడుగవచ్చును. దేహశుద్ధియు, చిత్తశుద్ధియు ఆ గ్రంథకర్తకు ఒకే దినములోని పనులు. మఱియొక సంగతియు గమనింపదగును. చీమను తనవలె చూడవలెనన్నచో అందులకు కొలత తానే. తన్ను తాను పస్తుంచుకొని, తన యలసటను లెక్కసేయక, తన్ను తాను కసరుకొనుచుండువారు చీమను గూడ అట్లే చూచినచో ఆ చీమకు కలుగు మేలేమి? కావున తనయందు దయ గలిగియుండుట పరులయందలి దయకు అడ్డు కాదు, ఆధారము.

అయినచో త్యాగము గొప్పది కాదా యని కొందఱు మమ్మడుగుదురు. కఱవుకాలమున బిడ్డ కొఱకు తాను పస్తుండు తల్లికి మేమును చేతులు జోడింతుము. కాని పెరుగు తోడుపెట్టి, నెయ్యి కాచి, నలుగురును తృప్తిగా తిను నింటిలో ప్రతిదినమును ఒక్కరికే చాలకపోవుట కఱవు కాదు, ఏర్పాటు. ఇయ్యననుటకు అధికారము గలవారు ఇచ్చినప్పుడే అది త్యాగమగును. అడుగకయే తీసికొనబడినదానికి త్యాగమని పేరుపెట్టి పొగడుట తీసికొన్నవారికే లాభము. పైగా ఆ పొగడ్త ఇంటిలోని యాడుబిడ్డకు పాఠమగును. పదియేండ్ల బాలిక తన పళ్లెములోని గుడ్డును తమ్మునికి పెట్టి మెప్పు పొందును. తమ్ముడు మాత్రము అట్టి మెప్పును కోరడు, అతనిని ఎవరును కోరుమనరు.

మఱికొందఱు ఈ బోధ స్వార్థమునకు దారితీయునని భయపడుదురు. వారి భయము నిరాధారము కాదు. ఆత్మసంరక్షణ యను పేర నేడు లేపనములు, సుగంధతైలములు, విహారయాత్రలు అమ్మబడుచున్నవి. సెల్‌ఫోను తెఱచినంతనే ఎల్లప్పుడు నవ్వుచుండుమని బోధించువారు ఎదురగుదురు. కాని భోగము వేఱు, పోషణము వేఱు. భోగమునకు హద్దు లేదు. పోషణమునకు హద్దు కలదు: కడుపునిండ అన్నము, కంటినిండ నిద్ర, ఒంటికి కొంత గాలి వెలుతురు, మనస్సునకు కొంత యేకాంతము. ఇంతమాత్రము కోరినవారిని స్వార్థపరులనుట తగదు.

ఇక మనస్సును గూర్చి చెప్పవలసియున్నది. రోమక సామ్రాజ్యమున దాసుడుగా నుండి, పిమ్మట తత్త్వబోధకుడైన ఎపిక్టెటస్, మన యధీనమున నున్నవానిని లేనివానిని విడదీసి చూచుకొనవలెనని బోధించెను. ఇది గొప్ప మాట. కాని దాసుడు తనకు తాను ఇట్లు చెప్పుకొనినచో అది ధైర్యము, యజమాని దాసునకు చెప్పినచో అది క్రౌర్యము. తిండికిని నిద్రకును అవకాశమీయక ఇల్లాలు నవ్వుముఖముతో నుండవలెనని కోరు కుటుంబము ఆ యజమాని వంటిదే.

అట్లని మనస్సును పూర్తిగా పరిస్థితులకు వదలివేయరాదు. మన చేతిలో నున్నవి కొన్ని కలవు. తోటకూర, పప్పు తినునప్పుడు నిమ్మరసమో ఉసిరికాయయో చేర్చుకొనినచో వానిలోని యినుము ఒంటబట్టును. భోజనముతోపాటు కాఫీ, టీ త్రాగినచో దానికి ఆటంకము కలుగును. రాత్రి పండుకొనువేళ ఫోనును దూరముగా నుంచుట, ప్రొద్దుటనో సాయంకాలమో కొంతసేపు నడచుట కష్టసాధ్యములు కావు. వీనికంటె కష్టమైన యభ్యాసము తనతో తాను మాటలాడుకొను తీరును మార్చుకొనుట. అన్నము మాడినంతనే, నాకేమియు చేతకాదు, నా బ్రదుకే ఇంత యని యామె తన్ను నిందించుకొనును. పొరుగింటి యామె యింట అన్నము మాడినచో అట్లనునా? ఈ పూట అన్నము మాడినది, అంతియే యనును. ఆ మాటయే తనకును చెప్పుకొనవలెను. దుఃఖము లేనట్లు నటించుట మంచి తలంపు కాదు. ఉన్నదానిని ఉన్నంతగానే చూచుట, జరిగిన కీడుతోపాటు జరిగిన మేలును లెక్కలో చేర్చుట మంచి తలంపు. విచారము వారములతరబడి వదలక, తిండియు నిద్రయు చెడినచో అది యిట్టి యభ్యాసములతో మాత్రమే తీఱునది కాదు. అది వైద్యునికి చూపవలసిన వ్యాధి. 2017 నాటి మానసికారోగ్య చట్టము అట్టి చికిత్సను ప్రతివ్యక్తికిని హక్కుగా చేసినది. జ్వరమునకు మందు పుచ్చుకొనుటలో లేని సిగ్గు దీనియందును ఉండరాదు.

కాని యభ్యాసములన్నిటికిని సమయము కావలెను. ఆ సమయమును ఇయ్యవలసినది కుటుంబము. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్యలక్ష్మి యను పథకమును ప్రారంభించి, గర్భిణులకును బాలెంతలకును అంగన్‌వాడి కేంద్రములలో దినమున కొక పూర్ణభోజనము, పాలు, గుడ్డు పెట్టించెను. అచ్చటనే కూర్చుండి తినుట ఆ యేర్పాటులోని ముఖ్యాంశము. ఆ గుడ్డు ఇంటికి పోయినచో ఎవరి పళ్లెములో పడునో మన కందఱకును తెలియును. తన గుడ్డు తాను తినుటకు ఒక స్త్రీ ఇల్లు విడిచి వీధి దాటి పోవలసివచ్చుట మన కుటుంబధర్మమునకు గౌరవము కాదు.

మేము కోరునది పెద్ద సంస్కరణము కాదు. గిన్నెలన్నియు నడుమ నుంచి అందఱును ఒక్కసారి కూర్చుండి భుజింపుడు. అది సాధ్యము కానిచో ఇల్లాలి పాలు ముందుగానే వేఱు తీసియుంచుడు. ఎవరు తినిన పళ్లెము వారు కడుగుడు. దినమున కొక యరగంట ఆమెను ఎవరును పిలువకుడు. సోదరీమణులారా, మీరును ఆ యరగంటను తీసికొనుటకు సిగ్గుపడకుడు. మీకేది యిష్టమో మీ బిడ్డలకు చెప్పుడు. మాడుచెక్క కాదని తప్పక చెప్పుడు.