రథమేది? రథికుడెవడు?

వికారాబాదు విడిచి, అనంతగిరి యడవిలోని మలుపులు దాటి, తాండూరు దెసకు సాగు బాటమీద ఆదివారపు ఉదయములందు నేడొక క్రొత్త సాధన కానవచ్చుచున్నది. హైదరాబాదు నుండియు, చుట్టుపట్టుల ఊళ్లనుండియు వచ్చిన యువకులు కారును చెట్లనీడ నిలిపి, చేతిలోని ఫోనుతోనో, గింబల్‌పై బిగించిన చిన్న కెమెరాతోనో దానికి ప్రదక్షిణము చేయుచు, చక్రమును, దీపమును, ముందరి అద్దముపై జారు ఆకాశమును వేరువేరుగా పట్టి, ఇల్లు చేరి వానిని వరుసగా కూర్చి, సంగీతము జతచేసి, తాము సినిమాటిక్ అని పిలుచుకొను నిమిషమాత్రపు చిత్రమును సిద్ధము చేయుచున్నారు. దీనిని వృథాకాలక్షేపమని త్రోసివేయుట సులభము. యంత్రమోహమని నిందించుట అంతకంటెను సులభము. కాని ఈ అభ్యాసము వెనుక మన పూర్వులు రెండువేల యేండ్లకు పైగా విచారించిన ప్రశ్న యొకటి దాగియున్నది. మనము రథమని పిలుచునది ఎచ్చట నున్నది? అందు కూర్చున్నవాడెవడు?

క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమున వాయవ్య భారతము నేలిన యవనప్రభువు మినాండరునకును, నాగసేనుడను బౌద్ధభిక్షువునకును జరిగినట్లు చెప్పబడు సంవాదము 'మిలిందపన్హ' యను పాలిగ్రంథమున నిక్షిప్తమైయున్నది. రథమెక్కి వచ్చితినన్న రాజును భిక్షువు ఒక్కొక్క అంగమునే పేర్కొనుచు ప్రశ్నించును: నొగయా, ఇరుసా, చక్రములా, పగ్గములా, ఏది రథము? ఏదియు కాదని రాజు ఒప్పుకొనును. అన్నిటి రాశియు రథము కాదు, వానికి వెలియైన వేరొకటియు కాదు. అంగములు ఒక పొందికలో చేరినప్పుడు లోకము వ్యవహరించు పేరే రథమని తుదకు తేలును.

కెమెరా చేపట్టిన యువకుడు ఈ విచారమును తెలియకయే తన చేతులతో చేయుచున్నాడు. తొలుత అతడు కారునంతను దూరమునుండి ఒకే చూపున పట్టజూచును. ఆ దృశ్యము నిర్జీవమై యుండుట గమనించి క్రమముగా చేరువకు వచ్చును. బానెట్‌మీది చిహ్నము, అప్పుడే వెలిగిన హెడ్‌లైటు, టైరు అంచున అంటిన ఎర్రమట్టి, స్టీరింగుపై వ్రేళ్లు, గేరు మారు క్షణము: ఇట్లు సేకరించిన తునుకలలో ఏ యొక్కటియు కారు కాజాలదు. ఎడిటింగునందు అవి ఒక క్రమమున నిలిచినప్పుడు మాత్రము చూపరి మనస్సున సంపూర్ణమైన వాహనమొకటి ఉదయించును. తెరపై ఏ తునుకలోను లేని ఆ పూర్ణత్వమును చూచువాని బుద్ధియే కల్పించుకొన్నది. నాగసేనుని వాదమును పుస్తకమున చదివినవానికంటె, తునుకలను ముందువెనుకలుగ మార్చి మార్చి యొక కారును పుట్టించినవాడు దానిని త్వరగా గ్రహింపగలడని నా దృఢవిశ్వాసము.

చలనము సంగతియు ఇట్టిదే. సినిమాటిక్ పద్ధతిని కోరువారు సెకనుకు 24 ఫ్రేములు గ్రహింతురు. ధ్వనిచిత్రములు వచ్చిన 1920ల చివరి కాలమున స్థిరపడిన లెక్క యిది. ఆ ఇరువదినాల్గింటిలో దేనియందును కారు కదలదు. నిశ్చలచిత్రముల పరంపరను చూచి మనస్సు పరుగును ఊహించుకొనును. గౌడపాదాచార్యులు మాండూక్యకారికల నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరిడి, త్రిప్పబడిన కొరవి అగ్నివలయమువలె ఆభాసించుటను దృష్టాంతముగ గ్రహించిరి. తెరమీది కారు పరుగు ఆ అగ్నివలయమునకు బంధువు.

ఇచ్చట నేర్చువారు తెలియవలసిన సూక్ష్మమొకటి కలదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కెమెరాను దాని యిష్టమునకు విడిచినచో, అది షట్టరు తెరచియుండు కాలమును సెకనులో 2000వ వంతుకైనను కుదించును. అప్పుడు చక్రము శిలలో చెక్కినట్లు నిలిచిపోయి, వేగముగ పోవు కారు సైతము బాటనడుమ ఆపినట్లు తోచును. ఆ కాలమును 50వ వంతునకు నిలిపి, అధికమైన వెలుతురును ఎన్‌డీ ఫిల్టరను నల్లని గాజుతో తగ్గించినప్పుడు, చక్రపు ఆకులు కొంచెము చెదరి, ప్రక్కచెట్లు గీతలై జారి, దృశ్యమునకు ప్రాణము వచ్చును. మిక్కిలి స్పష్టమైన చిత్రము చలనమును దాచి అసత్యమగుచున్నది. కొంత చెదరిన చిత్రము చలనమును తనలో నిలుపుకొని సత్యమునకు చేరువగుచున్నది. క్షణమును మితిమీరి సన్నగిల్లజేసి చూచువానికి కాలప్రవాహము కనబడదనుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము నేనెరుగను.

అయితే నాగసేనుని రథముతో విచారము ముగియదు. కఠోపనిషత్తున యముడు నచికేతునకు మరియొక రథమును చూపును. అందు ఆత్మ రథి, శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు ఆ గుఱ్ఱములు పరుగిడు బాటలు. మొదటి రథము అంగములను విడదీసి మన మమకారమును సడలించును. రెండవది ఈ ప్రయాణమెవరిదని యడిగి మన బాధ్యతను మేల్కొల్పును. నేటి కారుచిత్రములలో పెక్కింటికి గల లోటు ఈ రెండవ రథమునందే యున్నది. మెరయు లోహము, నల్లని అద్దము, నిర్జనమైన మలుపు అన్నియు నుండును. లోపలనున్నవాడు మాత్రము కానరాడు. బాడుగకు త్రిప్పు డ్రైవరో, తల్లిని ఆసుపత్రికి కొనిపోవు కొడుకో, కందుల ధర విచారింప తాండూరు మార్కెట్టుకు బయలుదేరిన రైతో, ఎవరో యొకరు ఆ స్టీరింగు వెనుక నున్నారు. పోలరైజరను ఫిల్టరును కటకము ముందుంచి తగిన కోణమునకు త్రిప్పినచో, అద్దముపై పరచుకొన్న ఆకాశపు ప్రతిబింబము చాలవరకు తొలగి, దాని చాటుననున్న మనుష్యుని ముఖము బయల్పడును. స్వల్పమైన ఈ ఉపకరణము చేయు పని నిజముగ గొప్పది: అది రథమును దాటించి రథికుని చూపుచున్నది.

కూర్పునకు ఇంతటి శక్తి కలదు గనుకనే దానికి ధర్మము వలయును. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుని భావరహితమైన ముఖమును ఒకచో సూపుగిన్నెతోను, ఒకచో శవపేటికతోను జతచేసి చూపగా, ప్రేక్షకులు అదే ముఖమున ఆకలిని, శోకమును వేరువేరుగ చదివికొనిరని చలనచిత్ర చరిత్రకారులు చెప్పుదురు. అర్థము పొరుగు దృశ్యమునుండి వచ్చుచున్నది. కావున కారు ప్రక్కన దేనిని నిలుపుదుమో, దేనిని తొలగింతుమో, అదియే లోకముతో మనము పలుకు మాట.

ఈ బాట పలుకుమనునది చాల యున్నది. అనంతగిరి దిగి తాండూరు సమీపించుకొలది ఎర్రనేల తగ్గి నల్లరేగడి విస్తరించును. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఆ నేల పంటయే. పిమ్మట నాపరాతి గనులు, రాతిని కోసి నునుపుచేయు పాలిషింగ్ యూనిట్లు, పలకలు మోయు లారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, వీనియన్నిటిపైని సన్నని దుమ్ము. హైదరాబాదులో ఎన్నో యిండ్లలో పాదములకు చల్లగా తగులు నాపరాళ్లు ఈ దుమ్ములో పనిచేసిన చేతులు పంపినవి. కెమెరా పట్టినవాడు లారీ పోవువరకు వేచి, ఖాళీ బాటను గ్రహించును. అది తప్పని నేననను. ఏరికొనుట లేక ఏ కళయు లేదు. కాని లారీని ఎల్లప్పుడును తొలగించి, గనిని ఎల్లప్పుడును తొలగించి, ఈ సీమ కారుకొఱకే వెలసిన సుందరవనమని లోకమును నమ్మించునాడు ఏరిక అసత్యముగ పరిణమించును.

యంత్రమును ఇంత ప్రీతితో చూచుట దోషమా యని కొందరు ఆస్తికులు శంకింతురు. దసరానాడు వాహనమునకు పసుపుకుంకుమలద్ది, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టు మన ఆచారమే ఇందులకు సమాధానము. ఆ మ్రొక్కు ఇనుముకడ ఆగిపోదు; బ్రతుకుతెరువు నిలుపుటకును, క్షేమముగ ఇల్లు చేర్చుటకును కృతజ్ఞతయై దైవమును చేరును. కెమెరాతో చేయు ప్రదక్షిణము అట్టి పూజయు కావచ్చును, వట్టి మోహమును కావచ్చును. భేదము కంటిలో నున్నది. అనంతపద్మనాభస్వామి వెలసిన ఈ గిరులలో పుట్టు మూసీనదికి ముచుకుందమని ప్రాచీననామము. దేవతలకొఱకు పోరి అలసి గుహలో నిదురించిన ముచుకుందుడు కన్ను తెరువగానే, తన్ను తన్ని లేపిన కాలయవనుడు భస్మమయ్యెను. మరుక్షణమున అదే కంటికి శ్రీకృష్ణుడు సాక్షాత్కరించెను. దహించిన చూపును, దర్శించిన చూపును ఒక్క మనుష్యునివే. కెమెరా పట్టిన ప్రతివానికిని ఆ రెండు చూపులును లభించియున్నవి.

కావున ఈ విద్యను ఇప్పుడే ఆరంభించిన యువకులకు నా మనవి యిది. కారును ఎంత అందముగనైనను చూపుడు. దానిని నడుపువానిని మాత్రము విస్మరింపకుడు. ప్రతి చిత్రమునందును ఆ బాట తన్ను తాను చెప్పికొను దృశ్యము నొకటి నిలుపుడు. అది లారీయైనను సరే, దుమ్ము తుడుచుకొను కూలివాడైనను సరే. కదలు వాహనము డిక్కీనుండి వ్రేలాడుచు మరియొక వాహనమును చిత్రించు సాహసమును అనంతగిరి మలుపులలో చేయకుడు. ఎదుటివాని ప్రాణమును పణముగ పెట్టి సంపాదించిన సౌందర్యము అధర్మము. తునుకలను కూర్చునప్పుడు, ఈ కూర్పు ఆ మార్గమున నిత్యము నడచువారికి నిజమని తోచునా యని యొకసారి ప్రశ్నించుకొనుడు. తోచునన్నచో, మీరు తీసినది నిమిషమాత్రపు చిత్రమైనను సత్యమునకు చేసిన సేవయే.