గోడ మోయుచున్న బరువు

ధ్యాన భాగము: 2 రాజులు 6:1–7



ఇల్లు ఇరుకైనదని దేవుని బిడ్డలు బాధపడుట క్రొత్త సంగతి కాదు. ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులు తామున్న చోటు తమకు చాలదని గురువుతో చెప్పుకొనిరి. పనివారిని పిలిచి కూలి యిచ్చు స్తోమత వారికున్నట్లు కనబడదు. చేతిలోని గొడ్డలి సహా ఎరువు తెచ్చుకొనినదే. తలకొక మ్రాను నరికి, తమ చేతులతోనే నివాసము కట్టుకొందుమని వారు తలంచిరి. ఎలీషా ఆక్షేపింపలేదు, వెళ్లుడనెను. అయితే వారిలో ఒకడు, తమతోకూడ దయచేయుమని ఆయనను వేడుకొనెను. ఈ చిన్న మనవిని గూర్చియే నేడు ధ్యానింతము.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో తండ్రులు కట్టిన యింటికి ఒక గది చేర్చుట, గోడ తీసి నడవ వెడల్పు చేయుట, మిద్దెమీద మరియొక అంతస్తు వేయుట ఇంటింట జరుగుచున్న పని. కూలి పెరిగినది, సిమెంటు, కమ్ముల ధర పెరిగినది. మనకు చేతులున్నవి గదా, మనమే చేసికొందమని అనేకులు పూనుకొనుచున్నారు. ఇది నిందింపదగినది కాదు. నెహెమ్యా 3వ అధ్యాయము చదివినయెడల, యెరూషలేము గోడను బాగుచేసినవారిలో బంగారుపనివారు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు కనబడుదురు. షల్లూము తన కుమార్తెలతో కూడ పనిచేసెను. తాపీ వారి వృత్తి కాదు. అయినను దేవుడు వారి పేరులు వ్రాయించెను. గనుక తన యింటిని తన చేతులతో బాగుచేసికొనుట సిగ్గుపడవలసిన పని కాదు. అయితే ఆ పనిలో మాకు కలిగిన ఒక శోధనను దాచక చెప్పుచున్నాము.

మా తండ్రి కట్టిన పాత మిద్దెయిల్లు చిత్తూరునకు దాపున ఒక పల్లెలో ఉన్నది. ఆయన పోయిన తరువాత మేమును మా తమ్ముడును దానిని రెండు భాగములు చేసికొని, నడుమ ఇటుకగోడ పెట్టుకొంటిమి. ఆ పంపకములో పెరటిచోటు విషయమై మాట పట్టింపు వచ్చి, కొన్ని యేండ్లుగా మా రెండు కుటుంబములకు మాటలు లేకుండెను. ఒకే దేవాలయములో ప్రభువు బల్లయొద్దకు వచ్చుచుంటిమి గాని ఒకరి గడప నొకరు త్రొక్కలేదు.

2021 మే నెలలో కరోనా రెండవ విడత వచ్చి, రాష్ట్రములో మధ్యాహ్నము 12 గంటలనుండి కర్ఫ్యూ విధింపబడెను. మా పెద్దవాని వివాహము నిశ్చయమైయున్నది. క్రొత్త దంపతులకు గది లేదు. కుమారులిద్దరు పనిలేక ఇంటనే యుండిరి. మా భాగములోని అడ్డగోడను తీసివేసి, వెనుకకు ఒక గది చేర్చుదమనుకొంటిమి. మా గోడ మా యిష్టమని తలంచితిమి. ఎవ్వరిని అడుగలేదు. మేస్త్రీని అడిగిన యెడల డబ్బు అడుగునని ఒక కారణము. తమ్మునికి తెలియునని మరియొక కారణము.

మూడవ నాటికి గోడ సగము దిగెను. గుమ్మముపైన వెండ్రుక వంటి పగులు ఒకటి కనబడెను. దానికి సిమెంటు పూసి, పిల్లల తల్లితో సహా ఎవరికిని చెప్పక ఊరకుంటిమి. మరునాడు ప్రొద్దున గునపము వేయగానే పైన కటకటమని శబ్దమై మన్ను రాలెను. ఆ క్షణమే ఇటుకగోడ కవతల నుండి మా తమ్ముని కేక వినబడెను: “అన్నా, ఆపు! దూలం దిగతా ఉండాది! ఆ గోడ మీదనే మా మిద్దె గూడా ఉండాది గదా!”

పెద్ద దూలము ఒక్కటే రెండు భాగములమీదుగా పోవుచుండెను. మేము కూల్చుచున్నది దానికి ఆనుపు. ఆ దూలమునకే మా తమ్ముడు తన మనుమరాలి ఉయ్యాల కట్టియుండెను. బిడ్డ అందులో నిదురించుచుండెను! వాళ్లమ్మ బిడ్డను ఎత్తుకొని వీధిలోనికి పరుగెత్తెను. మా తమ్ముడో, తన పశువుల కొట్టము కొరకు ఉంచుకొనిన సరుగుడు కర్రలను భుజాన వేసికొని, కొన్ని యేండ్లుగా త్రొక్కని మా గడప దాటి వచ్చి, దూలము క్రింద ఒకటి వెనుక ఒకటి నిలిపి, అడుగున చీలలు బిగించెను. దూలము నిలిచెను.

మేస్త్రీ వచ్చి చూచి చెప్పిన మాట ఇదే: “నాయనా, గోడను కొట్టేముందు అది ఏం మోస్తా ఉండాదో చూసుకోవల్ల.”

ఆ దినము మేము నేర్చుకొనినది పాఠకులకు చెప్పుట మా విధి. పాత మిద్దెయిండ్లలో రాయి, మట్టితో కట్టిన మందపు గోడలే కప్పును మోయును. కప్పు బరువు దంతెలమీదికి, దంతెలనుండి దూలముమీదికి, దూలమునుండి గోడమీదికి, గోడనుండి పునాదికి, పునాదినుండి నేలకు దిగును. ఈ త్రోవలో ఏ ఒక్కటి తీసినను పైనున్నది క్రిందికి రాకమానదు. నేడు పిల్లర్లు వేసి కట్టు ఇండ్లలో బరువు బీములమీదను పిల్లర్లమీదను ఉండును. వాటి నడుమనున్న ఇటుకగోడ సాధారణముగా తన బరువునే మోసికొనును. గనుక పొరుగువారు క్రొత్తయింటిలో గోడ తీసిరని మనము పాతయింటిలో తీయరాదు. దూలములు ఎటు పోవుచున్నవో, ఎక్కడ ఆనుచున్నవో చూడవలెను. చూచినను, ఇంజనీరుకో అనుభవముగల మేస్త్రీకో చూపక గునపము ఎత్తరాదు. సమ్సోను కన్నులు పోగొట్టుకొనినవాడైనను, గుడి ఏ స్తంభములమీద ఆనియున్నదో అడిగి తెలిసికొనెను (న్యాయాధిపతులు 16:26). కూల్చగోరినవాడే అంతగా విచారించెను. కట్టగోరిన మనము ఇంకెంత విచారింపవలెను!

గది చేర్చుటలో మరియొక సంగతి కలదు. పాతగోడ తన పునాదితో ఎప్పుడో నేలలో కుదురుకొనియుండును. క్రొత్తగోడ ఇక మీదట కుదురుకొనవలసియున్నది. రెండింటిని తొందరపడి ఒకటిగా బిగించినయెడల, క్రొత్తది క్రుంగునప్పుడు అతుకుచోట చీలును. ప్రాతబట్టకు క్రొత్తగుడ్డ మాసికవేయుటను గూర్చి ప్రభువు చెప్పినది (మత్తయి 9:16) మా కన్నులయెదుట కనబడెను. పాత పునాది ప్రక్కన దానికంటె లోతుగా త్రవ్వుట మరియు ప్రమాదము. అది దాని క్రింది మన్నును జార్చును.

మేస్త్రీ మాకు సిమెంటు దూలము పోసి, క్రొత్త పునాదిపై రెండు పిల్లర్లు నిలిపెను. ఇట్టి దూలము క్రింది ఆసరా కర్రలను 6 మీటర్ల పొడవు వరకు కనీసము 14 దినములు, అంతకు మించినయెడల 21 దినములు తీయరాదని నిర్మాణ నియమము. కాంక్రీటు బలమును లెక్కించునది 28 దినములకు. మా కుమారులు ప్రతిదినము నీళ్లు పోసిరి, ఇటుకలు మోసిరి, గోడలకు సున్నము వేసిరి. చేయదగిన పని చేతులకు కావలసినంత ఉండెను. చేయరానిది మాత్రము తెలిసినవానికి అప్పగించితిమి.

ఆ సంవత్సరము నవంబరులో వచ్చిన వానలు మీకు జ్ఞాపకముండును. 18, 19 తేదీలలో తిరుపతి వీధులు ఏరులాయెను, స్వర్ణముఖి పొంగెను. మన జిల్లాలో ఎన్నో మట్టిగోడలు నాని కూలెను. తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో నేలలోనికి దింపిన సిమెంటు వరల నీళ్లతొట్టి, నీటితో నిండిన నేల త్రోయగా భూమిపైకి లేచి నిలిచెను. నేల ఎప్పుడును కదలదని మనము నమ్ముదుము; వరద వచ్చినప్పుడు దాని బలము తెలియును. బండమీద కట్టినవానిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానములో, ఇద్దరి యిండ్లమీదను ఒకే వాన కురిసెను. ఆ రాత్రి మేమును మా తమ్ముని కుటుంబమును ఒకే దూలము క్రింద కూర్చుండి ప్రార్థించితిమి. దేవుని కృపవలన ఇల్లు నిలిచెను.

మరల యొర్దాను ఒడ్డునకు వెళ్లుదము. గొడ్డలి నీటిలో పడగానే ఆ శిష్యుడు దాచలేదు. అది ఎరువు తెచ్చినదని మొరపెట్టెను. ఎలీషా అది ఎక్కడ పడెనని అడిగెను. అతడు ఆ చోటు చూపెను. అప్పుడే ఇనుము తేలెను. మేమో, పగులు చూచి సిమెంటు పూసితిమి. బలహీనమైన గోడకు పైపూత పూయువారిని గూర్చి యెహెజ్కేలు 13వ అధ్యాయము పలికినది మాకే తగెను. ఆ శిష్యునివలె చోటు చూపియుండినయెడల బిడ్డ ప్రాణము అంత అపాయములో పడియుండదు. ఆ సాయంకాలము మా తమ్ముని యెదుట పగులు సంగతి ఒప్పుకొంటిమి. పెరటి సంగతియు ఒప్పుకొంటిమి. ఎలీషా కొమ్మ నరికి వేయగా ఇనుము తేలెను. మా తమ్ముడు కర్రలు నిలుపగా దూలము నిలిచెను. రెండింటిలోను దేవుని కనికరమే కనబడుచున్నది.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీయోపదేశకాండము 22:8). ఎండకాలపు రాత్రులు మిద్దెమీద పండుకొను మన ప్రాంతమువారికి ఆ మాట చక్కగా బోధపడును. మన యింటినుండి మరియొకడు పడి చనిపోయినయెడల రక్తాపరాధము మనమీదికి వచ్చును. అనగా మన యిల్లు మన యొక్కరిదే కాదు. అది మోయుచున్న బరువులో పొరుగువాడును, సహోదరుడును, ఉయ్యాలలోని బిడ్డయు ఉన్నారు.

కాబట్టి ఈ వేసవిలో గునపము ఎత్తబోవుచున్న సహోదరుడా, ముందు లూకా 14:28 ప్రకారము కూర్చుండి లెక్క చూచుకొనుము. ఆ లెక్కలో తెలిసినవానిని పిలిచి చూపు ఖర్చును మొదట వ్రాయుము. అనుమతి కావలసినచోట అనుమతి పొందుము. పగులు కనబడినయెడల పని నిలిపి, క్రింద ఎవరిని ఉండనీయకుము. గోడ కవతలివానికి ముందుగా చెప్పుము. అతనితో మాటలు లేనియెడల, గోడకంటె ముందు ఆ పని చూచుకొనుము.

మన గృహములను కట్టువాడైన ప్రభువు, మన చేతిపనిని స్థిరపరచి, మనతోకూడ వచ్చి, మన గడపలను సమాధానముతో నింపును గాక. ఆమేన్.