పంపిన లెక్కను దిద్దుకొనుట

ఆదాయపు పన్ను రిటర్ను పంపిన కొన్ని నెలలకు ఒక పింఛనుదారుడు బ్యాంకు పుస్తకము తిరుగవేయుచు, ఫిక్సెడు డిపాజిటు వడ్డీని లెక్కలో చూపలేదని గ్రహించెననుకొందము. కపటమేమియు లేదు. బ్యాంకువారు పది శాతము ముందే పట్టుకొనిరి గనుక అంతటితో సరియని తలంచెను. కాని అతడు ఇరువది శాతము చెల్లింపవలసినవాడు. ఇది పొరపాటా, పాపమా?

తెలియక చేసిన తప్పునుగూర్చి లేవీయకాండము 4:27, 28 వచనములు చెప్పునదేమనగా, అది వానికి తెలియబడినప్పుడు వాడు అర్పణ తేవలెను. కాబట్టి మన ప్రశ్నకు జవాబు రిటర్ను పంపిన దినమున లేదు, పుస్తకము తెరచిన దినమున ఉన్నది. అంతవరకు అది మరపు. ఆ సాయంకాలము పుస్తకము మూసి ఊరకుండినచో అది మరపు కాదు. “వారియొద్ద కంప్యూటర్లున్నవి, కావలసిన వారే అడుగుదురు” అని మనవారు అనుట కద్దు. ఎక్కువ కట్టితిమని తెలిసినప్పుడు మాత్రము మనము వారడుగువరకు ఆగుదుమా? హెచ్చు కట్టినది తిరిగి కోరుట తప్పు కాదు, అయితే సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉండరాదు (ద్వితీ. 25:13).

దిద్దుకొనుటకు చట్టమే దారి చూపినది. 1961 నాటి చట్టములోని 139వ సెక్షను, గడువులోపల సవరించిన రిటర్ను పంపనిచ్చెను. అందులో పన్ను పెరిగినను తగ్గినను దిద్దుకొనవచ్చును. గడువు దాటినవారికి 2022లో మరియొక ద్వారము తెరచి, 2025లో దానిని మదింపు సంవత్సరాంతము మొదలు 48 నెలలకు పెంచిరి. ఇందులో పన్ను తగ్గించుకొనుటకు వీలులేదు. మొదటి 12 నెలలలో వచ్చినవాడు పన్ను, వడ్డీలపై 25 శాతము అదనముగా ఇయ్యవలెను. తరువాత ఏటేట అది 50, 60, 70 శాతములగును. సోదా మొదలైన పిమ్మట ఈ ద్వారము మూయబడును.

అదనమెందుకని విసుగుకొనువారు మోషే ధర్మశాస్త్రము చూడవలెను. తానే ఒప్పుకొన్నవాడు అసలునకు అయిదవ వంతు కలిపి ఇయ్యవలెను (సంఖ్యా. 5:7), దొంగసొత్తుతో పట్టుబడినవాడు రెండంతలు (నిర్గమ. 22:4). ఎవరును పట్టుకొనకముందే నాలుగంతలు ఇత్తునన్న జక్కయ్య పన్ను వసూలుచేయువాడు. చెల్లించువారమైన మనకు అతని లెక్క కొంచెము బరువే.

ఇక కొందరు ఆ సొమ్మును సంఘపు కానుకపెట్టెలో వేసి మనస్సును నెమ్మదిపరచుకొనుచున్నారు. ఇది సరికాదు. నష్టపరిహారము ఎవనికి అపరాధము చేసితిమో వానికే చెందవలెను, పుచ్చుకొనుటకు వాని బంధువు కూడ లేనప్పుడే అది యాజకునిదగును (సంఖ్యా. 5:8). ప్రభుత్వము ఇంకను బ్రదికియే యున్నది! అట్టి కానుక తెచ్చిన సహోదరుని, మొదట చలానా కట్టి రమ్మని పాస్టరుగారు మృదువుగా పంపివేయవచ్చును.